ఇంటి సామానుతో సోల్డరింగ్ పనిముట్లు చేసుకోవడం ఎలా?

సోల్డరింగ్ ఐరన్ లేకుండా తీగ అతికించడం ఎలాగని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. వారిలో కొందరి దగ్గర ఐరన్ ఉంటుంది కానీ పని పడిన చోట కరెంటు ఉండదు. కొందరు బడిలో సర్క్యూట్లు చేసుకునే పిల్లలు. ఇంకొందరు ఐరన్ అయితే కొన్నారు గానీ దానికి తోడుగా కావలసిన స్టాండు, ఫ్లక్స్ (సోల్డర్ అంటేలా లోహం మీది నలుపును తొలగించే పదార్థం), పాత సోల్డర్‌ను (అతికించడానికి కరిగించే లోహాన్ని) పీల్చే రాగి అల్లిక వంటివి దొరకక ఇబ్బంది పడుతున్నవారు. ఈ ముగ్గురికీ పనికివచ్చేలా, ఇంట్లోనూ పాత సామాను పెట్టెలోనూ దొరికే వస్తువులతో ఏమేమి చేసుకోవచ్చో, ఎక్కడ ఆగిపోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక. పెన్సిల్ ములుకును, పాత సెల్లులోని కార్బన్ కడ్డీని కరెంటుతో ఎర్రగా కాల్చి సోల్డరింగ్ చేసే పద్ధతులు వీడియోల్లో కనిపిస్తుంటాయి. వాటిని ఇక్కడ చెప్పడం లేదు, మీరు కూడా ప్రయత్నించవద్దు. ఇంటి ప్లగ్గులో 230 వోల్టులు ఉంటాయి. దానికి చేతితో చేసిన పనిముట్టును తగిలిస్తే, చెక్క పిడి కాస్త చెమ్మగిల్లినా ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడ చెప్పే ఐరన్ మంట మీద వేడెక్కేది, దానికి కరెంటుతో సంబంధమే లేదు. ఒకప్పుడు వీధుల్లోకి వచ్చి బిందెలకు మాటు వేసినవారు కుంపటిలో కాల్చి వాడిన రాగి కడ్డీకి ఇది చిన్న రూపం.

ఇది తీగల అతుకులకు, స్పీకరు వైర్లకు, సోలార్ దీపం తీగలకు, కాళ్లున్న పెద్ద విడిభాగాలకు సరిపోతుంది. ఫోను బోర్డులకు, కాళ్లు లేకుండా బోర్డు మీదే కూర్చునే సన్నని భాగాలకు ఇది పనికిరాదు. వాటికి ఉష్ణోగ్రత అదుపులో ఉండే ఐరన్ కొనుక్కోవడమే మంచిది. లిథియం సెల్లుల మీద ఈ పనిముట్టును ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. వంటపాత్రలకు, తాగునీటి పాత్రలకు సీసం ఉన్న సోల్డర్ వాడకూడదు.

కావలసినవి

- ఎర్తింగ్‌కు వాడే 8 గేజ్ రాగి తీగ ముక్క, 8 సెం.మీ. పొడవు. దీని మందం సుమారు 4 మి.మీ. ఉంటుంది.
- ఇంటి వైరింగ్‌లో మిగిలిన 2.5 చదరపు మి.మీ. రాగి తీగ, ఒక మీటరు. ఒంటి తీగ అయితే మేలు, సన్న పోగులదైతే గట్టిగా మెలిపెట్టి వాడుకోవచ్చు.
- చెక్క పిడి లేదా గట్టి ప్లాస్టిక్ పిడి ఉన్న పొడవాటి పాత స్క్రూడ్రైవర్. పిడి నుంచి కొన వరకు ఇనుప కడ్డీ కనీసం 15 సెం.మీ. ఉండాలి.
- ఆకురాయి, ఉప్పు కాగితం, కటింగ్ ప్లేయర్.
- స్పిరిట్ దీపం. లేకుంటే ఆరుబయట కుంపటి.
- సోల్డర్ తీగ: 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం ఉండి, లోపల రోజిన్ (పైన్ చెట్టు జిగురు నుంచి తీసే ఫ్లక్స్) నింపినది, 1 మి.మీ. మందం. దుకాణంలో లెడ్డు వైరు అని అడిగినా ఇస్తారు.
- రోజిన్ గడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, బ్రష్షు ఉన్న పాత నెయిల్ పాలిష్ సీసా.
- ఒక గూన పెంకు, ఒక ఇటుక, గిన్నెలు తోమే స్టీలు పీచు, పాత నూలు గుడ్డ, చెక్క బట్టల క్లిప్పులు.

ఇంట్లో దొరకనివి సోల్డర్, రోజిన్, ఆల్కహాల్ మాత్రమే. ఇవి రేడియో, టీవీ విడిభాగాల దుకాణాల్లో దొరుకుతాయి. హైదరాబాదులో ఉన్నవారికి కోఠిలోని గుజరాతీ గల్లీ తెలిసే ఉంటుంది. పూజాసామగ్రి కొట్టులో దొరికే సాంబ్రాణి గానీ గుగ్గిలం గానీ రోజిన్‌కు బదులు కావు. చేతులకు రాసుకునే శానిటైజర్‌లో నీరు, జిగురు పదార్థాలు కలుస్తాయి కనుక అది ఆల్కహాల్‌కు బదులు కాదు.

రాగి ఐరన్ తయారీ

1. తీగల మీది ప్లాస్టిక్ తొడుగును కత్తితో చీల్చి తీయండి. తొందర కోసం మంటలో కాల్చవద్దు. ఆ తొడుగు పీవీసీ కాబట్టి, కాలినప్పుడు ఊపిరితిత్తులను మండించే ఆమ్లపు పొగ వస్తుంది. రాగి కూడా మసిబారి మరింత పని పెడుతుంది.

2. అది నిజంగా రాగేనా అని చూసుకోండి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న తీగలు ఇప్పుడు చాలా చోట్ల దొరుకుతున్నాయి. ఆకురాయితో కొనను గీకితే లోపల తెల్లగా కనిపిస్తే దానిని పక్కన పెట్టేయండి. అల్యూమినియానికి మామూలు సోల్డర్ అంటదు. వంటింటి డిజిటల్ తూకం ఉంటే ఇంకో పరీక్ష కూడా చేయవచ్చు: 2.5 చదరపు మి.మీ. రాగి తీగ మీటరు పొడవుకు సుమారు 22 గ్రాములు తూగాలి. అందులో సగం కూడా తూగకపోతే అది రాగి కాదు.

3. 8 గేజ్ ముక్క ఒక కొనను ఆకురాయితో ఉలి మొనలా ఏటవాలుగా అరగదీయండి. సూది మొనలా చేయాలని అందరికీ అనిపిస్తుంది కానీ అది పొరపాటు. సూది మొన అతుకును ఒక చుక్క దగ్గరే తాకుతుంది కాబట్టి వేడి దిగదు. 3 మి.మీ. వెడల్పు ఉన్న చదునైన ముఖం ఉండాలి. తరువాత ఉప్పు కాగితంతో రుద్ది, కొత్త రాగి రంగు వచ్చేదాకా మెరుగుపెట్టండి.

4. రాగి ముక్కను స్క్రూడ్రైవర్ కొన పక్కన ఆనించండి. 4 సెం.మీ. మేర రెండూ ఒకదానినొకటి ఒరుసుకుని ఉండాలి, మిగతా 4 సెం.మీ. రాగి ముందుకు పొడుచుకు రావాలి. మీటరు తీగను మొనకు 2 సెం.మీ. వెనుక నుంచి మొదలుపెట్టి, చుట్టుకు చుట్టు తగిలేలా, ముందు రాగి ఒక్కదాని మీద, తరువాత రాగినీ ఇనుమునూ కలిపి, ప్లేయర్‌తో బిగించి చుట్టుకుంటూ వెళ్లండి. చివరి కొనను లోపలికి దోపి నొక్కేయండి.

ఈ చుట్టు కట్టు మాత్రమే కాదు, ఇందులోనే వేడి నిలవ ఉంటుంది. ఒట్టి 8 సెం.మీ. రాగి ముక్క బరువు 9 గ్రాములే. అది 350 డిగ్రీల నుంచి 200 డిగ్రీలకు చల్లారేలోపు ఇవ్వగల వేడి, 25 వాట్ల కరెంటు ఐరన్ ఇరవై సెకన్లలో ఇచ్చే పాటిది. చుట్టుతో కలిపి 31 గ్రాములు దాటాక అది ఒకటింబావు నిమిషానికి సమానమవుతుంది. గాలికి పోయేది పోగా రెండు మూడు చిన్న అతుకులకు మిగులుతుంది. చుట్టు వేయకుండా ఒట్టి తీగతో ప్రయత్నించినవారే ఎక్కువగా ‘సోల్డర్ కరగడం లేదు’ అంటూ ఉంటారు. రాగి ముక్కనే నేరుగా పిడిలో దిగ్గొట్టకుండా మధ్యలో స్క్రూడ్రైవర్ ఎందుకంటే, రాగి వేడిని చేతిదాకా మోసుకొస్తుంది, ఉక్కు అందులో ఎనిమిదో వంతు కూడా మోయదు.

చుట్టడానికి జింకు పూత ఉన్న జీఐ తీగను వాడవద్దు. మంటలో ఎర్రబడితే ఆ జింకు తెల్లని పొగగా లేచి, పీల్చినవారికి జ్వరం తెప్పిస్తుంది.

5. ఇప్పుడు మొనకు కళాయి పట్టించాలి. ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టడం చూసినవారికి ఇది కొత్త కాదు. మంట మొన మీద కాకుండా చుట్టు మీద పడేలా పట్టుకుని వేడి చేయండి. మధ్యమధ్య సోల్డర్ తీగను మొనకు తాకించి చూడండి. కరగడం మొదలవగానే మంట నుంచి తీసి, మొనను రోజిన్ గడ్డ మీద ఒక్కసారి ఆనించి, వెంటనే సోల్డర్ పూసి, తడిపి పిండిన నూలు గుడ్డతో తుడవండి. మొన చివర 5 మి.మీ. మేర అన్ని వైపులా వెండిలా తెల్లబడితే కళాయి పట్టినట్లు. ఎక్కడైనా రాగి రంగు మచ్చ మిగిలితే చల్లార్చి, మళ్లీ గీకి, మళ్లీ పూయండి.

కళాయివారు వాడే నవాసారం (అమ్మోనియం క్లోరైడ్) కూడా ఈ పనికి బ్రహ్మాండంగా ఉపయోగపడుతుంది. వేడి మొనను దానిపై రుద్దితే ఎంత మొండి మసి అయినా ఊడిపోతుంది. అయితే దాని పొగ ఘాటైనది, దాని అవశేషం సన్నని తీగలను కొన్నాళ్లకు తినేస్తుంది. కనుక ఆరుబయట, మొన శుభ్రానికి మాత్రమే వాడి, తరువాత మొనను బాగా తుడిచి, రోజిన్‌తో మరోసారి కళాయి వేయండి. సర్క్యూట్ దగ్గరికి నవాసారాన్ని రానివ్వవద్దు.

మంట సంగతి

స్పిరిట్ దీపం మంటకు మసి ఉండదు కాబట్టి అదే అన్నిటికన్నా అనుకూలం. పగటి వెలుతురులో ఆ మంట దాదాపు కనిపించదు. ఆరిపోయిందనుకుని వెలుగుతున్న దీపంలో స్పిరిట్ పోయడం వల్లనే పెద్ద ప్రమాదాలు జరుగుతాయి. మూత పెట్టి ఆర్పి, పూర్తిగా చల్లారాకే నింపాలి. కొవ్వొత్తి, కిరోసిన్ దీపం మంటల్లో మసి ఎక్కువ, తప్పనిసరి అయితే ప్రతిసారీ మొనను తుడవాలి. వంటగ్యాస్ పొయ్యి వేడికి లోటు లేదు కానీ సీసం చుక్క బర్నరు మీద పడే ప్రమాదం ఉంది. వంట చేసే పొయ్యి మీద ఈ పని పెట్టుకోకపోవడమే నా సలహా.

మొన ఎర్రబడకూడదు. 60-40 సోల్డర్ 183 డిగ్రీల వద్ద కరగడం మొదలై 190 లోపే పూర్తిగా ద్రవమవుతుంది. మొన 350 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే చాలు. రాగి కంటికి ఎర్రగా కనిపించిందంటే 500 దాటినట్లే, కళాయి మాడిపోయినట్లే. పాత పనివారు మంట అంచు ఆకుపచ్చగా మారడం చూసి కడ్డీని బయటికి తీసేవారు. ఆ పచ్చదనం మీకూ కనిపిస్తే ఇక వేడి చేయడం ఆపండి. సీసం లేని సోల్డర్ అయితే 217 నుంచి 227 డిగ్రీల దాకా కావాలి కనుక ఈ ఐరన్‌తో కష్టం, మొదట నేర్చుకునేటప్పుడు దాని జోలికి వెళ్లవద్దు.

తోడు పనిముట్లు

స్టాండుకు గూన పెంకును మించింది లేదు. బోర్లించకుండా వెల్లకిలా ఇటుక మీద పెడితే, ఐరన్ దొర్లిపోకుండా దాని గుంటలో కూర్చుంటుంది. పెంకు కాలదు, మాడదు. గూన పెంకు దొరకని పట్నంలో పగిలిన పూలకుండీ ముక్క చాలు. పని చేసే బల్ల మీద కూడా ఒక టైలు పరచుకోండి.

మొన తుడవడానికి ఖాళీ రేకు డబ్బాలో స్టీలు పీచును కుక్కి పెట్టుకోండి. మొనను అందులో రెండుసార్లు సున్నితంగా గుచ్చి తీస్తే మసి పోతుంది. గిన్నెలు తోమే స్పాంజి ప్లాస్టిక్‌ది కాబట్టి కరిగి మొనకు అంటుకుంటుంది, వాడకండి. కొన్న ఐరన్ ఉన్నవారికి ఒక ముఖ్యమైన మాట: దాని బిట్టుకు (మొనకు) రాగి పైన పలుచని ఇనుము పూత ఉంటుంది, దానిని ఆకురాయితో గాని ఉప్పు కాగితంతో గాని ఎప్పుడూ గీకవద్దు. పూత పోతే సోల్డర్ లోపలి రాగిని కొద్దికొద్దిగా కరిగించుకుపోయి బిట్టు గుంటలు పడుతుంది. మన చేతి ఐరన్‌కు పూత లేదు కాబట్టి అది ఎలాగూ అరుగుతుంది. అరిగినప్పుడల్లా ఆకురాయి పెట్టి, మళ్లీ కళాయి వేసుకోవడమే.

ద్రవ ఫ్లక్స్ కోసం రోజిన్‌ను గుడ్డలో కట్టి సుత్తితో పొడి చేయండి. 10 గ్రాముల పొడికి 40 మి.లీ. ఆల్కహాల్ చొప్పున గాజు సీసాలో పోసి, మూత బిగించి, ఒక రాత్రి ఉంచండి. తేనె రంగులోకి తేరాక పైతేటను బ్రష్షు ఉన్న సీసాలో నింపుకోండి. ఆ సీసాను ముందే నెయిల్ పాలిష్ రిమూవర్‌తో కడిగి ఆరబెట్టాలి. పేరు రాసిన చీటీ అంటించండి, మంటకు మీటరు దూరంలో ఉంచండి. నిమ్మరసం, వెనిగర్, రేకు పనివారు వాడే ఆమ్లపు ద్రవం వంటివి రాగిని తళతళలాడిస్తాయి గానీ, ఆ తళుకు చూసి మోసపోవద్దు. కొన్ని నెలలకు అతుకు పచ్చగా చిలుము పడుతుంది.

తీగలను పట్టుకోవడానికి మూడో చేయి కావాలి. చెక్క ముక్క మీద రెండు చెక్క బట్టల క్లిప్పులను ఎదురెదురుగా మేకుతో బిగిస్తే సరి. ప్లాస్టిక్ క్లిప్పులు వేడికి వంగిపోతాయి.

పాత సోల్డర్‌ను పీల్చే అల్లిక గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పాత టీవీ కేబుల్ పైతొడుగు చీల్చి, లోపలి అల్లికను బయటికి లాగి, రోజిన్ ద్రవంలో ముంచి ఆరబెట్టుకోమని చాలామంది చెబుతారు. నేనూ మొదట డిష్ కేబుల్‌తోనే చేశాను, ఎంత వేడి చేసినా ఒక్క చుక్క కూడా పీల్చలేదు. కారణం తరువాత తెలిసింది: డిష్ యాంటెన్నాకు వాడే కేబుళ్లలో చాలావాటి అల్లిక అల్యూమినియం. పాత ఆడియో కేబుళ్లలో, కొన్ని సీసీటీవీ కేబుళ్లలో రాగి అల్లిక దొరుకుతుంది. ఎర్రగా ఉందో లేదో చూసి, ఒక పోగుకు సోల్డర్ అంటించి పరీక్షించాకే వాడండి. అల్లిక దొరకకపోతే మెత్తని వైరులోని సన్న రాగి పోగులను వదులుగా అల్లుకున్నా పని జరుగుతుంది. ఈ అల్లికకు వేడి ఎక్కువ కావాలి కాబట్టి, అప్పుడే మంట నుంచి తీసిన ఐరన్‌తో చేయండి.

బోర్డు రంధ్రంలో సోల్డర్ నిండిపోతే కొత్త ఇంజెక్షను సూదిని తీసుకుని, దాని పదునైన కొనను అరగదీసి మొద్దుబరచి, సోల్డర్ కరిగి ఉండగా దూర్చి తిప్పండి. ఆ సూది స్టెయిన్‌లెస్ స్టీలుది, దానికి సోల్డర్ అంటదు. వాడిన సూదులను ముట్టుకోవద్దు.

మొదటి అతుకు

పనికివచ్చే వస్తువు మీద మొదలుపెట్టకండి. పది తీగ ముక్కలు తీసుకుని అతికించి చూడండి.

1. వస్తువుకు కరెంటు తీసేయండి, బ్యాటరీ విప్పండి. కిటికీ తెరవండి. రోజిన్ పొగ కళ్లను మండిస్తుంది, ఉబ్బసం ఉన్నవారికి మరీ చెడ్డది. పాత కంప్యూటరులోని 12 వోల్టుల ఫ్యాను ఉంటే, పొగను లాగి అవతలికి నెట్టేలా పక్కన పెట్టుకోండి. ఐరన్ మీదికి ఊదేలా పెడితే మొన చల్లారిపోతుంది.
2. తీగల కొనలను గీకి, ఒకదానితో ఒకటి మెలిపెట్టండి. బలం మెలిక వల్ల రావాలి. సోల్డర్ కరెంటు దారిని నిలబెడుతుంది గానీ లాగుడును ఎంతోసేపు తట్టుకోలేదు.
3. ఫ్లక్స్ పూయండి.
4. ఐరన్‌ను వేడి చేసి, తుడిచి, మొనకు చిన్న సోల్డర్ చుక్క అంటించి, ఆ చుక్క అతుకును తాకేలా మొన చదునైన ముఖాన్ని ఆనించండి. వేడి చేరడానికి ఆ చుక్కే వంతెన.
5. రెండు మూడు సెకన్ల తరువాత సోల్డర్ తీగను మొనకు కాకుండా అతుకుకు ఎదుటి వైపు తాకించండి. తీగలే దానిని కరిగించాలి. కరిగి పోగుల మధ్యకు పాకగానే సోల్డర్ తీయండి, తరువాత ఐరన్ తీయండి.
6. ఐదు సెకన్ల పాటు కదిలించవద్దు, నోటితో ఊదవద్దు.

సరిగా వచ్చిందో లేదో చూడటం

వెలుతురులో పట్టుకుని అంచు చూడండి. మంచి అతుకులో సోల్డర్ అంచులు పలుచబడి తీగలోకి జారిపోయి, కింద తీగల ఆకారం కనిపిస్తుంది. తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలిచిందంటే అంటలేదన్నమాట, తీగ మురికిగా ఉంది లేదా చల్లగా ఉంది. సీసం కలిసిన సోల్డర్ మెరుస్తూ ఉండాలి. బూడిద రంగుగా, గరుకుగా ఉంటే గట్టిపడేటప్పుడు కదిలినట్లు. అప్పుడు కొత్త సోల్డర్ పోయకుండా, ఫ్లక్స్ పూసి మళ్లీ వేడి చేస్తే చాలు. సీసం లేని సోల్డర్ సహజంగానే కాస్త మసకగా ఉంటుంది కాబట్టి దానికి మెరుపు పరీక్ష వర్తించదు.

తరువాత గోటితో నెట్టి, మెల్లగా లాగి చూడండి. మల్టీమీటరును బీప్ శబ్దం వచ్చే స్థానంలో పెట్టి, అతుకును ఇటూ అటూ కదుపుతూ వినండి. శబ్దం తెగితెగి వస్తే పైకి బాగున్నా లోపల పట్టలేదు. మీటరు లేకపోతే ఒక సెల్లు, టార్చి బల్బు, అతుకు ఒకే వరసలో కలిపి కదిపి చూడండి, బల్బు మినుకుమినుకుమనకూడదు.

ఎక్కువగా కనిపించే పొరపాటు ఒక్కటే, దానిని విడిగా చెప్పాలి. అంటకపోగానే మరింత వేడి, ఆపైన మరింత సోల్డర్ అన్నట్లు సాగుతారు. దాదాపు ప్రతిసారీ లోపం వేడిలో కాదు, శుభ్రంలో ఉంటుంది. నల్లబారిన రాగి మీద ఎంత కాల్చినా నలుపు పెరుగుతుందే తప్ప సోల్డర్ పట్టదు. ఆపి, చల్లార్చి, తీగనూ మొననూ మళ్లీ గీకి, ఫ్లక్స్ పూసి మొదటినుంచి చేయండి.

పని ముగిశాక మొనను శుభ్రం చేయకుండా, పైన సోల్డర్ పొర ఉండగానే చల్లారనివ్వండి. ఆ పొర రాగికి గాలి తగలకుండా కాపాడుతుంది. బోర్డు మీద మిగిలిన ఫ్లక్స్‌ను ఆల్కహాల్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో, మంట పూర్తిగా ఆరిపోయాకే తుడవండి. చేతులు సబ్బుతో కడుక్కునేదాకా ఏమీ తినవద్దు. బల్ల మీద రాలిన సోల్డర్ పూసలను చీపురుతో ఎగరగొట్టకుండా తడిగుడ్డతో ఎత్తి, పిల్లలకు అందని మూత డబ్బాలో వేసి ఉంచండి.